చావు లేని చావు తప్పెట

రాళ్లకొట్టాలలో ప్రభుత్వం ఎక్కడుంటుందని ఎవరైనా అడిగితే, తలారి గిడ్డయ్య తడుముకోకుండా తన గుండె మీద చెయ్యి పెట్టుకుంటాడు. కలెక్టరు కర్నూల్లో ఉంటాడు. తహసీల్దారు మండలంలో ఉంటాడు. వీఆర్వో ప్రవీణ్ ఎక్కడుంటాడో అతని పెళ్లానికే తెలియదు. ఊళ్లో ఉండేది గిడ్డయ్య ఒక్కడే. ఆ ఉద్యోగానికి ఈమధ్య గ్రామ రెవెన్యూ సహాయకుడని పెద్ద పేరు పెట్టారు గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి కూడా చూడడు. తాత తలారి, నాయన తలారి, తానూ తలారి. పొలిమేర రాయి ఏది ఎక్కడుందో, ఏ కొత్త మనిషి ఏ బస్సు దిగాడో కనిపెట్టి పైవాళ్ల చెవిన వేయడం మూడు తరాలుగా ఆ ఇంటి పని. ఉపగ్రహాలూ కంప్యూటర్లూ రాకముందు దొరతనానికి కళ్లూ చెవులూ తలారులే. వచ్చాక కూడా తలారులేనని గిడ్డయ్య నమ్మకం. దాన్ని ఆయన దాచుకోడు కూడా.

ఊరికి ఉత్తరంగా, గుట్టల అవతల, రక్షణశాఖ వాళ్ల పరీక్షా మైదానం ఉంది. ఏడాదికి నాలుగైదుసార్లు అక్కడ క్షిపణులో మరొకటో వదిలి చూస్తారు. వదిలే రోజున గుట్టల కింది చేలల్లో మనిషి గానీ మేక గానీ ఉండకూడదు. ముందురోజు పొద్దున మండలం నుంచి చీటీ వస్తుంది. గిడ్డయ్య జొన్నచొప్ప మంట వేసి తప్పెట కాచుకుంటాడు, చర్మం బిగిసి ఖంగుమనేదాకా. ఆ తర్వాత ఊరి నాలుగు మూలలా నిలబడి దండోరా వేస్తాడు. మూడు దెబ్బలు, ఒక ఆగుడు, మళ్లీ మూడు దెబ్బలు. రేపు ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా గుట్టల కింది చేలకు ఎవరూ పోకూడదని గొంతెత్తి చెబుతాడు. ఫోన్లలో మెసేజీలు కూడా వస్తాయి. వాటిని ఎవరూ చదవరు. గిడ్డయ్య తప్పెట వింటేనే ఊరు కదులుతుంది.

గుట్టల మీదుగా తెల్లటి గీత ఆకాశంలోకి లేచినప్పుడల్లా గిడ్డయ్య ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

"నేను చేలు ఖాళీ చేయిస్తేనే గదా అది లేసేది" అంటాడు.

"ఆ, నువ్వే ఊదినావులే" అంటుంది ఆయన భార్య యశోద, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ.

పత్తి తొలి ఏరుడు నడుస్తున్న రోజుల్లో ఒక సోమవారం, సచివాలయానికి రమ్మని ప్రవీణ్ కబురు పెట్టాడు. వెళ్లి చూస్తే వెనక గదిలో ముప్పై అయిదేళ్ల ఆడమనిషి కూర్చుని ఉంది. పంటల బీమా సర్వే అని ప్రవీణ్‌కు చెప్పిందట. అతణ్ని టీ తెమ్మని బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, ఎదుటి కుర్చీ చూపించింది. ఆ సచివాలయం కట్టినప్పుడు రాయి మోసినవాడే అయినా, గిడ్డయ్య అక్కడి కుర్చీలో ఏనాడూ కూర్చోలేదు. అంచు మీద ఆనీ ఆననట్టు కూర్చున్నాడు.

"నా పేరు సాహితి, పెద్దాయనా. మాది కడప దగ్గర ఒంటిమిట్ట. బీమా గీమా ఏం లేదు. నేను ఢిల్లీవాళ్ల నిఘా విభాగంలో పని చేస్తాండా."

గిడ్డయ్య లేచి నిలబడబోయాడు. ఆమె చేత్తోనే కూర్చోమంది.

"రెండు నెలల కిందట ఉత్తరాదిన ఒకని దగ్గర ఫోను పట్టుకున్నారు. మీ మైదానంలో జరిగిన పరీక్షల తేదీలన్నీ దాంట్లో ఉండాయి. జరిగినాక రాసుకున్నవి గాదు. ప్రతి ఒక్కటీ ఒకరోజు ముందరే దేశం దాటి పోయింది. ఒకరోజు ముందర ఎవురెవురికి తెలుస్తాది?"

"మండలమోళ్లకు, నాకు. నేను చాటినాక ఊరందరికీ."

"నిన్ను ఎవరన్నా ఫోన్ చేసి అడుగుతారా?"

"అడుగుతాడు మేడం. జయరాజ్ సారు ప్రతి సోమవారం చేస్తాడు, దండోరా వేసిన రోజు గూడా చేస్తాడు" అన్నాడు గిడ్డయ్య, ఇంత పెద్ద ఆఫీసరుకు తనవల్ల ఉపయోగం కలిగిందని సంతోషపడుతూ. "విజయవాడలో విపత్తుల ఆఫీసంట. ఏ పొద్దుకు వేసినావు, ఏ వేళకు ఖాళీ చేయమన్నావు అని రాసుకుంటాడు. ఏడాదిన్నరగా చెప్తాండా."

సాహితి కేకలు వేయలేదు. మందలించనూ లేదు. చేతిలో పెన్ను మాత్రం బల్లమీద పెట్టింది.

"ఎట్ల మాట్లాడతాడు ఆయన?"

"శానా మర్యాదస్తుడు మేడం. గిడ్డయ్య గారూ అంటాడు. నా మోకాళ్లు ఎట్లుండాయని అడుగుతాడు. మా ఇంట్లో దానికి జ్వరం వస్తే మూడుసార్లు కనుక్కున్నాడు."

"నీ సర్వీసు ఎన్నేళ్లు?"

"ముప్పై రెండు."

"ఈ ముప్పై రెండేళ్లలో ఆఫీసువాళ్లు ఇంకెవరన్నా నిన్ను గారూ అన్నారా?"

గిడ్డయ్య ఆలోచించాడు. పదకొండు మంది తహసీల్దార్లను చూశాడు. వాళ్లలో తిట్టినవాళ్లున్నారు, తిట్టనివాళ్లున్నారు. ఒక మంచాయన పండక్కి లుంగీ కూడా పెట్టాడు. కానీ తలారిని గారూ అన్నవాడు ఒక్కడూ లేడు. అనరు. అది ఊళ్లో గొర్రెపిల్లకు కూడా తెలుసు. అంతా తెలిసిన గిడ్డయ్యకు మాత్రం ఆ పిలుపు వినగానే చెవుల్లో తేనె పోసినట్టయి, మిగతా తెలివంతా పక్కకు జరిగింది. కనిపెట్టడమే తన వంశం పని అని చెప్పుకొనే మనిషి, తన ఫోన్లోకి వచ్చిన కొత్త మనిషిని కనిపెట్టలేకపోయాడు. ముప్పై రెండేళ్లలో ఏ ఆఫీసూ ఇవ్వని మర్యాద ఒక దొంగ ఇచ్చాడు, తాను దేశాన్ని వాడి చేతిలో పెట్టాడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఊరంతా వినేదే గదా మేడం, దాంట్లో దాచేదేముండాది అనుకుంటి" అన్నాడు.

"నువ్వేగాదు, ఎవరైనా అట్లనే అనుకుంటారు. మా పనంతా దాంట్లోనే ఉండాది పెద్దాయనా. ఒక్కొక్కరు చెప్పేది చిన్న మాట. అట్లాటివి పది ఒకచోట పెడితే పెద్ద సంగతి బయటపడతాది. మేము అట్లనే చేస్తాం, వాళ్లూ అట్లనే చేస్తారు. రోజు ముందరే తెలిస్తే వాళ్ల మనిషి వచ్చి గుట్టెక్కుతాడు. ఏది లేసింది, ఎంత ఎత్తు పోయింది, యాడ పడింది, అన్నీ ఫొటోలు తీసుకుంటాడు."

"అయితే ఈసారి గుట్టమీదనే పట్టుకుంటే సరి గదా."

"పరీక్ష రోజు గుట్టల మీద ఎంతమంది ఉంటారు?"

గిడ్డయ్యకు అర్థమైంది. పరీక్ష రోజున నాలుగు మండలాల కుర్రకారు ఫోన్లు పట్టుకొని గుట్టల మీదే ఉంటారు. పేపరువాళ్లూ వస్తారు. అందులో దొంగ ఎవడో దేవుడికే తెలియాలి.

"అందుకే పరీక్ష లేని రోజున వాణ్ని రప్పించాల" అంది సాహితి. "ఈ శుక్రవారం ఉండాదని వానికి చెప్తావు. ఊళ్లో వాని చెవులు ఇంకేమన్నా ఉంటే వాళ్లూ నమ్మాల గాబట్టి, గురువారం ఊళ్లో గూడా దండోరా వేస్తావు."

అంతసేపూ తల దించుకున్న గిడ్డయ్య తల ఎత్తాడు.

"వేయను మేడం."

"ఏంటికి?"

"పోయినేడు నేను చాటినాక పరీక్ష రద్దయింది. ఎవురి తప్పూ గాదు. ఊరంతా ఉల్లిగడ్డ పెరికే పని మానుకొని ఇండ్లకాడ కూర్చున్యారు. ఆ తర్వాతిసారి దండోరా వేస్తే పదకొండు మంది చేలల్లోనే ఉండిపోయినారు. ఒక్కొక్క చేనుకూ పోయి గడ్డం పట్టుకొని బతిమాలి లేపుకొచ్చినా. ఒక్క పొరపాటుకే అట్లయితే, తెలిసి తెలిసి అబద్ధం చాటితే ఇంక నా మాట వినేదెవురు? అప్పుడు నిజంగా ఏమన్నా పైన పడితే ఆ ప్రాణం నా తప్పెట మీద ఉంటాది. నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి, జైల్లో పెట్టండి. ఫోన్లో ఎన్ని అబద్ధాలైనా చెప్తా. తప్పెటతో చెప్పను."

తాను చేసిన తప్పుకు ఇప్పుడు ఏ షరతూ పెట్టే హక్కు తనకు లేదని గిడ్డయ్యకు తెలుసు. అయినా ఆ ఒక్క మాట దగ్గర ఆయన కాళ్లు భూమిలో పాతుకుపోయాయి. సాహితి బల్లమీది పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకుంది. చివరికి, "సరే, ఫోన్లోనే చెప్పు" అంది.

అన్నట్టుగానే మధ్యాహ్నం ఫోన్ మోగింది. సాహితి తన ఫోనుకు ఏదో తీగ తగిలించి చెవిలో పెట్టుకుంది.

"గిడ్డయ్య గారూ, నమస్కారమండీ. మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

నిన్నటిదాకా తియ్యగా ఉన్న గొంతు ఇవాళ పాము పాకినట్టుంది. గిడ్డయ్య మాత్రం మోకాళ్ల గురించి తీరిగ్గా చెప్పాడు. ఆకు పసరు సంగతి చెప్పాడు. శుక్రవారం ఉండాదని, ఈతూరి శానా పెద్దదంటని, మండలంలో అనుకుంటాంటే విన్నానని కూడా కలిపాడు. ఆ పెద్దది ఆయన సొంత కవిత్వం. సాహితి కనుబొమ్మలు లేచాయి.

"మరి గురువారం దండోరా వేసేటప్పుడు ఫోన్ ఆన్‌లోనే ఉంచండి గిడ్డయ్య గారూ. పై అధికారులు రికార్డు కావాలంటున్నారు."

సాహితి ముఖం వాడిపోయింది. గిడ్డయ్య ఆమె వైపు చూడకుండానే, "అట్లనే సార్" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక, "ఇప్పుడేం చేస్తావు?" అని అడిగింది.

"వాడు దండోరా ఎప్పుడన్నా విన్నాడంటారా మేడం?" అన్నాడు గిడ్డయ్య. అప్పటికే ఆయన బుర్రలో ఒక దరువు మోగుతోంది.

గురువారం పొద్దున ఊరికి మైలు దూరంలో నీళ్లెండిపోయిన వాగు వంకలోకి దిగాడు. తుమ్మచెట్ల మధ్య చిన్న మంట వేసి తప్పెట కాచుకున్నాడు. సాహితి గట్టు కింద కూర్చుంది. ఫోను రాయిమీద పెట్టి, తప్పెట ఎత్తుకొని గిడ్డయ్య వాయించింది దండోరా కాదు. చావు దరువు. ఆగుడు లేకుండా దొర్లుకుంటూ పోయే దరువు, పాడె ముందు నడిచేది. నాయన పోయినప్పుడు ఊరి చివరిదాకా తానే వాయించాడు. ఆ దరువు మీదనే, ఫోను మీదికి వంగి, గట్టు దాటని గొంతుతో, శుక్రవారం చేలకు ఎవరూ పోకూడదని ముళ్లచెట్లకు చాటాడు. తప్పెట మాత్రం ఎవరినీ ఎక్కడికీ పోవద్దని చెప్పలేదు. ఎవరో పోయారని మాత్రమే చెప్పింది.

"చాలా బాగా కొట్టారు గిడ్డయ్య గారూ" అంది ఫోను. "స్పష్టంగా వినిపించింది."

ఫోన్ ఆగగానే సాహితి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూడురోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

"పాలు తాగే పిల్లోనికి గూడా తెలుస్తాది మేడం ఇది సావు దరువని" అన్నాడు గిడ్డయ్య. "వాడు విజయవాడోడు గాదు. మన పల్లెల గాలి తగిలినోడే గాదు. తెలుగు యాడనో పుస్తకంలో నేర్చుకున్యాడు."

సాహితి నవ్వు ఆపి నోటుబుక్కు తీసింది. ఆ మాటను గిడ్డయ్య చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. ఢిల్లీకి పోయే కాగితంలో తన మాట రాస్తున్నారని చూసి గిడ్డయ్య నడుము దానంతటదే నిటారైంది.

కానీ ఆ వంక గట్టు మీదే కృష్ణవేణమ్మ చేను ఉంది. గుట్టల కింద ఎనిమిదెకరాల ఆసామి ఆమె. భర్త పోయాక సేద్యం తానే చూసుకుంటోంది. సాహితి అటు పోగానే, పత్తిలోంచి కృష్ణవేణమ్మ గట్టుమీదికి వచ్చింది.

"ఎవురు పోయినారు గిడ్డయ్యా?"

"ఎవురూ పోలేదమ్మా."

"మరి సావు తప్పెట ఏంటికి కొట్టినావు?"

గిడ్డయ్య నోరు విప్పలేదు. ఆమె చేనులోకి వెళ్లిపోయింది. అయితే చేలో ఉన్న కూలీలకూ చెవులున్నాయి. సాయంత్రానికి ఊరంతా పాకింది. ఎవరూ పోకుండా చావు తప్పెట కొడితే ఊరికి అరిష్టం. ఎవరినో ఒకరిని పిలిచినట్టే. మాజీ సర్పంచు నరసింహ నాలుగు రోడ్ల దగ్గర అందరి ముందూ నిలదీశాడు. తాగినావా అన్నారు, మతి తప్పిందా అన్నారు. మంచంలో ఉన్న ముసలివాళ్ల కొడుకులైతే మీదికొచ్చారు. గిడ్డయ్య చేతులు కట్టుకొని నిలబడి అన్నీ పడ్డాడు. ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించమంటే చేయించాడు. ఇంట్లో యశోద ఒక్కసారే అడిగింది. "చెప్పగూడదే" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు గానీ రెండురోజులు పలకలేదు కూడా.

శుక్రవారం ఊరంతా చేలల్లో పత్తి ఏరుకుంటూనే ఉంది. పొద్దెక్కాక మోటార్‌సైకిల్ మీద ఒకడు వచ్చి, పొడుగాటి సంచీతో ఒంటరిగా గుట్టెక్కాడు. పక్షుల ఫొటోలు తీసుకుంటానన్నాడట. గుట్టమీద మేకలు బేరమాడుతున్నట్టు కూర్చున్న సాహితి మనుషులు నలుగురు లేచి వాణ్ని పట్టుకున్నారు. వాడి ద్వారా, నాలుగో రోజుకు, వేరే రాష్ట్రంలో ఒక అద్దెగదిలో జయరాజ్ సారు కూడా దొరికాడు. ఈ సంగతి సాహితి ఫోన్లో చెప్పింది.

"నీ ఉద్యోగానికి ఏం గాదు. తేదీలు యాడ కారినాయో పైవాళ్లకు తెలుసు, దాన్ని యెట్ల పూడ్చినావో గూడా తెలుసు. మా ఫైల్లో నీకు పేరుండదు, ఒక నంబరు ఉంటాది. బహుమానాలు, పేపర్లో ఫొటోలు ఏవీ ఉండవు."

"వద్దులే మేడం."

"ఊళ్లో నిన్ను నానా మాటలంటాండారని విన్నా. దానికి నేను అడ్డం రాలేను పెద్దాయనా. నోరు తెరిస్తే ఇంకా దొరకాల్సినవాళ్లు జారిపోతారు."

"ఊరితో నేను చూసుకుంటాలే" అన్నాడు గిడ్డయ్య. ఎలా చూసుకోవాలో మాత్రం ఆయనకు తెలియదు. దేశం దగ్గర పోయిన మాట తిరిగి దక్కించుకున్నాడు. ఊళ్లో మూడు తరాల మాట పోయింది. గర్వమూ దుఃఖమూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేయాలో తెలియక, ఆ పూట గడ్డివాము పక్కన కూర్చుని రెండు బీడీలు కాల్చాడు.

మూడు వారాలకు మండలం నుంచి చీటీ వచ్చింది. ఈసారి నిజం పరీక్ష. పత్తి రెండో ఏరుడుకు సరిగ్గా పగిలి ఉంది, ఆకాశంలో మబ్బు కూడా ఉంది. ఒక్క వాన పడితే పత్తి నల్లబడిపోతుంది. తప్పెట ఖంగుమన్నా గిడ్డయ్య మంట దగ్గర్నుంచి లేవలేదు, ఇంకోసారి కాచుకున్నాడు. ఊరు కదలకపోతే ఏం చేయాలి?

మొదటి మూల దగ్గర వీరేష్ అనే ట్రాక్టరు డ్రైవరు నవ్వాడు. "ఏమప్పా గిడ్డయ్యా, ఈతూరి ఎవురికి?" అన్నాడు. గిడ్డయ్య మూడు దెబ్బలు కొట్టి, ఆగి, మళ్లీ మూడు కొట్టి, చెప్పాల్సింది చెప్పి ముందుకు కదిలాడు. నాలుగు రోడ్ల దగ్గరికి వచ్చేసరికి జనం గుంపుగా చేరారు. అందరికంటే ముందు నరసింహ ఉన్నాడు.

"మొన్న ఎవురూ పోకుండా సావు తప్పెట కొట్టినోడు ఇయ్యాల పరీక్ష ఉండాదంటే నమ్మాల్నా? వాన దిగితే పత్తి ఎవురిస్తారు? మేం పోతాం చేలకు."

గుంపులో సగం తలలు ఊగాయి. నిజం మొత్తం గిడ్డయ్య నాలుక చివరికి వచ్చింది. ఒక్కమాట చాలు, ఈ తలలన్నీ వంగిపోతాయి. ఆయన ఆ మాట మింగాడు. మళ్లీ మూడు దెబ్బలు కొట్టాడు.

అప్పుడు గుంపు వెనకనుంచి కృష్ణవేణమ్మ వచ్చింది.

"ఆ పొద్దు దగ్గరుండి విన్నది నేను" అంది. "ఎవురు పోయినారంటే ఎవురూ పోలేదన్యాడు. ఏంటికి కొట్టినావంటే నోరు మూసుకున్యాడు. తప్పించుకోవాలంటే పక్కూరోడు ఎవుడో పోయినాడంటే సరిపోయేది గదా. ఊరు ఊరంతా తిట్టినా ఒక అబద్ధం గూడా చెప్పుకోల్యా ఆ మనిషి. నాకు ఎనిమిదెకరాల పత్తి పగిలి ఉండాది, మీ అందరికంటే నాకే నష్టం. దండోరా దరువేసి ఈడు అబద్ధం చెప్పిన రోజు మీకెవురికన్నా గుర్తుంటే చెప్పండి, నేనూ పోతా చేనుకు."

నరసింహ కూడా గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించి, దొరక్క, పైపంచె దులుపుకున్నాడు. కృష్ణవేణమ్మ తన కూలీల వైపు తిరిగి, "రేపు ఎవురూ రావద్దు" అంది. గిడ్డయ్యకు కళ్లు నిండాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. నాలుగో మూల ఇంకా మిగిలే ఉంది, అటు నడిచాడు.

మరునాడు పొద్దున ఆనవాయితీ ప్రకారం గుట్టల కింది చేలన్నీ చివరిసారి ఆయనే తిరిగి చూశాడు. కృష్ణవేణమ్మ చేను, నరసింహ చేను, వీరేష్ వాళ్ల కౌలుచేను. గట్ల మీద మనిషి లేడు, మేక లేదు. ఏరని పత్తి తెల్లగా పరుచుకొని ఉంది. రోడ్డు మీదికి వచ్చి, మైదానం వాళ్లిచ్చిన నంబరుకు ఫోన్ చేశాడు.

"రాళ్లకొట్టాల ఖాళీ సార్."

"గ్యారంటీగా ఖాళీయేనా? పత్తి ఏరే రోజులు గదా. ఇంకెవరినన్నా పంపించి చూపించమంటావా?"

"అక్కర్లేదు సార్" అన్నాడు. "తలారి గిడ్డయ్యను చెప్తాండా. ఒక్కరూ లేరు. ఇంక వదలండి."